కిడ్నీ మార్పిడి: పదో ఏట కూడా పనిచేయాలంటే ఏది ఎంచుకోవాలి?

2013లో మా తమ్ముడికి నా కిడ్నీ ఇచ్చాను. అప్పటి నుంచి సోంపేట, కవిటి, పలాస వైపు చుట్టాలు, వాళ్ళ చుట్టాలు నాకు ఫోన్ చేస్తూనే ఉంటారు. అందరి మొదటి ప్రశ్న ఒకటే. "అక్కా, వైజాగ్‌లో చేయించమంటావా, హైదరాబాద్ వెళ్ళమంటావా, వెల్లూరు పొమ్మంటావా?"

ఆసుపత్రి సంగతి ముఖ్యమే గానీ దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. ఎప్పుడు చేయించుకోవాలి, ఎవరి కిడ్నీ తీసుకోవాలి, తర్వాత ఏళ్ళ తరబడి మందులు ఎలా సాగాలి అన్నవి. మంచి సెంటర్లలో ఏడాది తిరిగేసరికి నూటికి తొంభైకి పైగా కిడ్నీలు పనిచేస్తూనే ఉంటాయి. ఆసుపత్రులు బోర్డుల మీద రాసుకునే అంకె కూడా ఎక్కువగా అదే. ఐదో ఏట, పదో ఏట, పదిహేనో ఏట ఏమవుతుందన్న దగ్గరే అసలు తేడా బయటపడుతుంది. నేను డాక్టర్ని కాను. డోనర్‌గా, తమ్ముడి వెంట తిరిగిన అక్కగా నేర్చుకున్నదీ, మా నెఫ్రాలజిస్టుని (కిడ్నీ డాక్టరుని) అడిగి తెలుసుకున్నదీ ఇక్కడ చెబుతున్నాను. మీ రిపోర్టులు చూసి మీ డాక్టరు చెప్పే మాటే చివరి మాట.

డయాలసిస్ మీద కొన్నాళ్ళు ఆగడమా, ముందే చేయించుకోవడమా?

డోనర్ సిద్ధంగా ఉండి, ఒంట్లో వేరే అడ్డంకి లేకపోతే ముందే చేయించుకోవడం మేలు. అసలు డయాలసిస్ మొదలుకాకముందే మార్పిడి జరిగినవాళ్ళ ఫలితాలు, ఏళ్ళ తరబడి డయాలసిస్ చేయించుకుని వచ్చినవాళ్ళ ఫలితాల కంటే బాగుంటాయి. దీనికి ఒక ముఖ్య కారణం గుండె. డయాలసిస్ ఏళ్ళు పెరిగేకొద్దీ రక్తనాళాల్లో క్యాల్షియం పేరుకుంటుంది, గుండె గోడలు మందమవుతాయి. కొత్త కిడ్నీ పెట్టాక ఆ నష్టం పూర్తిగా వెనక్కి రాదు. కిడ్నీ బాగా పనిచేస్తూ ఉండగానే గుండెపోటుతో మనిషి పోవడం మార్పిడి తర్వాత జరిగే పెద్ద నష్టాల్లో ఒకటి.

మన దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. ప్రభుత్వ పథకం కింద డయాలసిస్ డబ్బు కట్టకుండా జరిగిపోతుంది, పెన్షన్ వస్తుంది. పేదింటికి అది ప్రాణాధారం, అందులో సందేహం లేదు. కానీ "ఎలాగూ జరుగుతోంది కదా, చూద్దాంలే" అంటూ మూడు నాలుగేళ్ళు గడిపేసినవాళ్ళని చాలామందిని చూశాను. ఈలోగా డోనర్ కావాల్సిన తల్లికి అరవై ఐదు దాటుతుంది, ఆవిడకీ బీపీ వస్తుంది. మేమూ ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాం. ఎవరో చెప్పారని తమ్ముడికి ఆకు మందు వాడించాం. ఆ ఎనిమిది నెలల్లో క్రియాటినిన్ (కిడ్నీ దెబ్బతినేకొద్దీ రక్తంలో పెరిగే అంకె) 4 నుంచి 9కి వెళ్ళింది.

అందుకే ఈ-జీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే అంకె) 20 దగ్గరికి దిగుతున్నప్పుడే మార్పిడి గురించి మాట్లాడడం మొదలుపెట్టండి. హెపటైటిస్ బి టీకాలు వేయించండి, పళ్ళు చూపించండి. రక్తహీనతకి రక్తం ఎక్కించడం సులువుగా కనిపిస్తుంది గానీ, ముందు ఐరన్, ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లతో సరిపోతుందేమో అడగండి. ఎక్కించిన ప్రతి రక్తం సంచీ వల్లా పరాయి కణాల మీద యాంటీబాడీలు తయారవ్వచ్చు. రేపు దొరికిన కిడ్నీకి అవే అడ్డం తిరుగుతాయి.

ఆగడమే సరైన సందర్భాలు లేకపోలేదు. టీబీ నడుస్తున్నా, క్యాన్సర్‌కి చికిత్స ముగిసి తగినంత కాలం కాకపోయినా, గుండె బలహీనంగా ఉన్నా ముందు అవి చూసుకోవాలి. తొందరపడితే ప్రమాదం.

ఇంట్లోవాళ్ళ కిడ్నీయా, జీవన్‌దాన్ కిడ్నీయా?

బతికున్న డోనర్ కిడ్నీ సగటున పదిహేను నుంచి ఇరవై ఏళ్ళు, ప్రభుత్వ జీవన్‌దాన్ కార్యక్రమం ద్వారా వచ్చే, బ్రెయిన్ డెడ్ అయినవారి కిడ్నీ పది నుంచి పదిహేనేళ్ళు పనిచేస్తుందని సాధారణంగా చెబుతారు. సగటు అంటే మీ సంగతి కాదు. ఐదేళ్ళకి పోయినవీ ఉన్నాయి, పాతికేళ్ళు దాటినవీ ఉన్నాయి. తేడా ఎందుకో తెలిస్తే ఎంపిక సులువవుతుంది. ఇంట్లోవాళ్ళు ఇచ్చేటప్పుడు పక్కపక్క థియేటర్లలో ఆపరేషన్ జరుగుతుంది, కిడ్నీ రక్తం లేకుండా ఐస్‌లో ఉండేది కాసేపే. బ్రెయిన్ డెడ్ అయినవారి విషయంలో ఆ ఒంట్లో బీపీ అటూ ఇటూ అయి కిడ్నీ అప్పటికే కొంత దెబ్బతిని ఉంటుంది. ఆ తర్వాత ఊరు దాటి రావడానికి గంటలు పడుతుంది. కొన్నిసార్లు కొత్త కిడ్నీ నిద్రలేవడానికి రోజులు పట్టి, మొదటి వారంలో మళ్ళీ డయాలసిస్ చేయాల్సి వస్తుంది. కంగారు పడతారు గానీ, ఎక్కువగా తర్వాత పుంజుకుంటుంది.

ఇంట్లో ఆరోగ్యమైన డోనర్ ఉంటే అదే మేలన్నది నా అభిప్రాయం. లేకపోతే, లేదా డోనర్ పరీక్షల్లో చిన్న అనుమానం ఉన్నా, ఇంట్లోవాళ్ళని బలవంతపెట్టకండి. ఏళ్ళ తరబడి డయాలసిస్ మీద ఉండడం కంటే జీవన్‌దాన్ కిడ్నీ చాలా మెరుగు. రెండు దారులూ కలిపి నడపొచ్చు. ఇంట్లో పరీక్షలు సాగుతుండగానే జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించండి. నమోదు ఆసుపత్రి ద్వారానే జరుగుతుంది, కాబట్టి పిలుపు వస్తే మీరు ఎన్ని గంటల్లో చేరగలరో లెక్క వేసుకోండి. పలాస నుంచి వైజాగ్ రెండు వందల కిలోమీటర్ల లోపే. అర్ధరాత్రి పిలిచినా తెల్లారేలోగా ఉండొచ్చు. హైదరాబాద్‌లో నమోదు చేయించుకుని కంచిలిలో ఉంటే ఆ గంటలు కిడ్నీకే నష్టం.

డబ్బిచ్చి కొనుక్కోవడం అనే దారి గురించి కూడా కొందరు గొంతు తగ్గించి అడుగుతారు. వద్దు. కిడ్నీ రాకెట్ కేసులు మన వైజాగ్ పేపర్లలోనే చదివాం. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం అది నేరం. 2011 సవరణ తర్వాత పదేళ్ళ వరకు జైలు, ఇరవై లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా. చట్టం మాట పక్కన పెట్టినా, అబద్ధపు కాగితాలతో దాచి చేసే చోట పరీక్షలూ అలాగే హడావిడిగా ఉంటాయి. ఆ ఇన్ఫెక్షన్ మీ ఒంట్లోకి వస్తుంది. కిడ్నీ ఇచ్చిన పేదమనిషి తర్వాత ఏమయ్యాడో ఎవరూ చూడరు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

ఇంట్లో ఎవరు ఇవ్వాలి?

ఎక్కువ కుటుంబాలు తప్పు చేసేది ఇక్కడే, అందుకే ఎక్కువగా రాస్తున్నాను. "ఎవరిది బాగా మ్యాచ్ అయితే వాళ్ళది" అనుకుంటారు. మ్యాచ్ ఒక్కటే చూస్తే సరిపోదు.

ముందు మ్యాచ్ అంటే ఏమిటో చూద్దాం. బ్లడ్ గ్రూపు కాకుండా, కణాల మీది గుర్తులు ఎంత కలిశాయో చూసే హెచ్ఎల్ఏ అని ఒక పరీక్ష ఉంటుంది. తల్లిదండ్రులతో ఎప్పుడూ కనీసం సగం కలుస్తుంది. తోబుట్టువులతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి, సగం కలిసేది నాలుగింట రెండు, అసలు కలవకపోయేది నాలుగింట ఒకటి. నాకూ తమ్ముడికీ సగం కలిసింది. పూర్తిగా కలిసిన తోబుట్టువు దొరికితే అదృష్టమే, అంతకంటే మంచి కిడ్నీ లేదు. కానీ కలవకపోతే అయిపోయిందనుకోకండి. 1995లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, భార్యాభర్తల మధ్య ఇచ్చిన కిడ్నీలు మూడేళ్ళకి నూటికి 85 పనిచేస్తున్నాయి. తల్లిదండ్రులు ఇచ్చినవి 82. మరణించినవారివి 70. రక్తసంబంధమే లేని భార్య కిడ్నీ సగం కలిసిన తల్లి కిడ్నీకి ఏమీ తీసిపోలేదు. బతికున్న, ఆరోగ్యమైన మనిషి నుంచి వెంటనే రావడం అంత ముఖ్యం.

మ్యాచ్ కంటే ముందు చూడాల్సింది క్రాస్ మ్యాచ్. మీ రక్తంలో ఆ డోనర్ కణాల మీద ఇప్పటికే యాంటీబాడీలు ఉన్నాయా అన్నది దీంట్లో తెలుస్తుంది. రక్తం ఎక్కించినా, అంతకుముందు మార్పిడి జరిగినా ఇవి వస్తాయి. గర్భం వచ్చినప్పుడు కూడా వస్తాయి. పిల్లలు పుట్టిన ఆడమనిషికి భర్తో, కన్నబిడ్డో ఇస్తానంటే డాక్టర్లు ఈ పరీక్షని మరింత జాగ్రత్తగా చూసేది అందుకే. బిడ్డ రూపంలో భర్త కణాలతో ఆమె ఒంటికి ముందే పరిచయం ఉంటుంది.

తర్వాతది వయసు. నలభై దాటాక కిడ్నీ శక్తి మెల్లగా తగ్గడం సహజం, కాబట్టి ముప్పై ఐదేళ్ళ కిడ్నీలో ఉండే నిల్వ అరవై ఐదేళ్ళ కిడ్నీలో ఉండదు. పేషెంటుకి పాతికేళ్ళు అయితే ఈ తేడా చాలా పెద్దది, అరవై అయితే అంత కాదు. యాభై ఎనిమిదేళ్ళ తండ్రికి యాభై నాలుగేళ్ళ తల్లి ఇస్తే సరిపోతుంది. కొడుకుని ముందుకు తోయక్కర్లేదు.

ఉద్దానం (మా సోంపేట, కవిటి, పలాస వైపు ప్రాంతం) కుటుంబాలు ఇక్కడ ఇంకా ఆలోచించాలి. కారణం ఇదీ అని తేలని ఆ కిడ్నీ జబ్బు చాలాకాలం కాళ్ళవాపు కూడా లేకుండా లోపల లోపలే నడుస్తుంది. మా ఇంట్లో ముందు నాన్న ఇస్తానన్నారు. కొబ్బరిచెట్లు ఎక్కే మనిషి, జ్వరం కూడా ఎరగడు. పరీక్ష చేస్తే జీఎఫ్ఆర్ 58 వచ్చింది. డోనర్‌కి సాధారణంగా 80కి పైన ఉండాలని చూస్తారు. ఆయనకీ జబ్బు మొదలైందని ఆ రోజే తెలిసింది. అమ్మకి బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. అప్పుడు నేను. పదిహేడో ఏట చదువుకి వైజాగ్ వచ్చి ఇక్కడే ఉండిపోయాను, అప్పటికి ముప్పై మూడు. పుట్టి పెరిగింది అక్కడే కదా అని డాక్టరు గారు నా విషయంలో రెండుసార్లు పరీక్షలు చేయించారు. యూరిన్‌లో ప్రొటీన్, స్కాన్, డీటీపీఏ (ఒక్కో కిడ్నీ ఎంత పనిచేస్తోందో చూసే స్కాన్) అన్నీ మళ్ళీ. అన్నీ బాగా వచ్చాకే ఒప్పుకున్నారు.

ఆయన అప్పుడు చెప్పిన మాట మీకూ పనికొస్తుంది. అలాంటి ఊళ్ళో ఇరవై రెండేళ్ళ కుర్రాడి కిడ్నీ ఈరోజు బాగున్నంత మాత్రాన నలభై ఐదుకి బాగుంటుందన్న హామీ లేదు. యాభై దాటి పరీక్షలన్నీ శుభ్రంగా వచ్చిన మనిషి ఆ గండం చాలావరకు దాటినట్టే. షుగర్ కుటుంబాలకీ ఇదే లెక్క. చూడ్డానికి కుర్ర కిడ్నీ మేలనిపించినా, ఇచ్చేవాడి తర్వాతి నలభై ఏళ్ళు కూడా లెక్కలోకి రావాలి.

మేనరికాలు చేసుకున్న ఇళ్ళలో ఒక మాట. భార్యాభర్తల మధ్య కొంత మ్యాచ్ కనిపించవచ్చు, సంతోషమే. కానీ వంశపారంపర్యంగా వచ్చే జబ్బైతే అది ఆ రెండో మనిషిలోనూ ఉండొచ్చు. కిడ్నీలో నీటితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళ తోబుట్టువుల్ని స్కాన్ చేయకుండా, వయసు చిన్నదైతే జన్యుపరీక్ష కూడా ఆలోచించకుండా డోనర్‌గా తీసుకోకూడదు. అసలు మీ కిడ్నీ ఎందుకు పోయిందో పేరు తెలుసుకోవడానికి ప్రయత్నించండి. ఎఫ్ఎస్‌జీఎస్, ఐజీఏ లాంటి కిడ్నీ జబ్బులు కొత్త కిడ్నీలో మళ్ళీ వచ్చే గుణం ఉన్నవి. ఆ సంగతి ఇచ్చేవాళ్ళకి ముందే తెలియాలి.

ఇంకొకటి, కటువుగా అనిపించినా చెబుతాను. మన దగ్గర కిడ్నీ ఇచ్చేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. "మగాడు సంపాదించాలి కదా" అని అన్నదమ్ములు పరీక్షకే రారు, కోడలి మీదికి చూపులు వెళ్తాయి. నేను మనస్ఫూర్తిగా ఇచ్చాను, మా ఆయన తోడుగా నిలబడ్డారు. అలా కాని ఇళ్ళూ చూశాను. డోనర్‌తో డాక్టరు ఒంటరిగా మాట్లాడే సమయం ఉంటుంది. ఇష్టం లేకపోతే అక్కడే చెప్పేయండి. వైద్యపరంగా కుదరలేదని చెప్పి మీ మాట వాళ్ళు దాచగలరు.

బ్లడ్ గ్రూపు కలవకపోతే

రెండు దారులున్నాయి. రక్తంలోంచి యాంటీబాడీలు తీసేసి, కొత్తవి పుట్టకుండా మందిచ్చి, వేరే గ్రూపు కిడ్నీనే పెట్టడం ఒకటి. ఇలాంటి మరో కుటుంబంతో డోనర్లని మార్చుకోవడం రెండోది. దీన్నే స్వాప్ అంటారు, 2011 సవరణ దీనికి దారి ఇచ్చింది. తగిన జత దొరికితే స్వాప్‌కే నా ఓటు. ఖర్చు తక్కువ, మందుల మోతాదు తక్కువ, ఇన్ఫెక్షన్ల భయం తక్కువ. మీది ‘ఎ’ గ్రూపు, మీ డోనర్‌ది ‘బి’ అయితే ఎదురు కుటుంబం దొరకడం తేలిక. మీది ‘ఓ’ గ్రూపు అయితే కష్టం. అప్పుడు మొదటి దారి, అది తరచుగా చేస్తున్న ఆసుపత్రిలో మాత్రమే.

ఇప్పుడు ఆసుపత్రి: ఇక్కడా, దూరమా?

మొదటి మార్పిడి, యాంటీబాడీలు లేవు, ఇంట్లో డోనర్ ఉన్నారు అనుకుంటే, వైజాగ్‌లో అనుభవమున్న సెంటర్లో చేయించుకోవడమే మంచిదని నా నమ్మకం. మొదటి మూడు నెలలు వారానికి ఒకటి రెండుసార్లు రక్తపరీక్షలు, తర్వాత నెలకి, ఆ తర్వాత రెండు మూడు నెలలకి. ఇది జీవితాంతం. ఒక రాత్రి జ్వరం 102 దాటితే వెల్లూరు వెళ్ళే కాట్పాడి రైలు కోసం చూడలేం. దూరం వెళ్ళి చేయించుకున్న చాలామంది రెండో ఏడాదికల్లా చెకప్‌లు తగ్గించేస్తారు. టికెట్లు, లాడ్జి, సెలవు దొరక్కపోవడం, అన్నీ అలాగే చేస్తాయి. మెల్లగా పెరిగే క్రియాటినిన్ అక్కడే తప్పిపోతుంది.

రెండోసారి మార్పిడి, యాంటీబాడీలు బాగా ఉన్నవాళ్ళు, చిన్నపిల్లలు, గ్రూపు కలవని కేసులు అయితే మాత్రం అవి ఎక్కువగా చేసే పెద్ద సెంటర్ ఎంత దూరమైనా వెళ్ళాలి. వెళ్ళేముందే, తిరిగొచ్చాక మిమ్మల్ని చూసే నెఫ్రాలజిస్టుని ఇక్కడ మాట్లాడి పెట్టుకోండి.

ఏ ఆసుపత్రికి వెళ్ళినా లాబీ మెరుపు చూడకుండా ఇవి అడగండి. ఐదేళ్ళ కిందట చేసినవాళ్ళలో ఎందరి కిడ్నీలు పనిచేస్తున్నాయి? టాక్రోలిమస్ (కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఆపే మందు) రక్తంలో ఎంతుందో చెప్పే లెవెల్ రిపోర్టు ఎన్ని గంటల్లో వస్తుంది? బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చదివే డాక్టరు ఈ ఊళ్ళోనే ఉన్నారా? రాత్రి రెండింటికి ఫోన్ ఎవరు ఎత్తుతారు? పథకం కింద అయితే ఆపరేషన్ తర్వాత ఎన్ని నెలల మందులు వస్తాయో ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని అడిగి కాగితం మీద రాయించుకోండి. అవి ఆగిపోయాక నెలనెలా ఎంతవుతుందో ముందే లెక్క వేసుకోండి. మందులు కొనలేకపోవడం వల్ల చెడిపోయిన కిడ్నీలు నేను చూశాను.

మందులు: ఖరీదైన బ్రాండా, చవకదా?

చాలామందికి టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసలోన్ మూడూ ఉంటాయి. చవక బ్రాండ్ వాడడం తప్పు కాదు. చెప్పకుండా మార్చడమే తప్పు. టాక్రోలిమస్ కొంచెం తక్కువైతే రిజెక్షన్ (ఒళ్ళు కిడ్నీని తిప్పికొట్టడం), కొంచెం ఎక్కువైతే కిడ్నీకే విషం. ఒకసారి మందుల షాపులో "అదీ ఇదీ ఒకటేనమ్మా" అని వేరే కంపెనీది ఇచ్చేశారు, నేను చూసుకోలేదు. రెండు వారాల తర్వాత లెవెల్ సగానికి పడిపోయింది. బ్రాండ్ మార్చాలంటే డాక్టరుకి చెప్పి, మార్చాక లెవెల్ చేయించుకోండి. ఆ పరీక్ష రక్తం ఉదయం మాత్ర వేసుకోకముందే ఇవ్వాలి.

రోజుకి రెండు డోసుల మాత్రా, ఒకే డోసుదా అని అడుగుతారు. షిఫ్టుల్లో పనిచేసే కుర్రాళ్ళకి, కుదిరితే ఒకే డోసుది మేలంటాను. మా తమ్ముడు మూడో ఏట పరవాడ ఫార్మా కంపెనీలో నైట్ షిఫ్టులకి చేరాడు. ఒంట్లో బాగుంది, జబ్బు మనిషిలా కనబడటం ఇష్టం లేదు. రాత్రి తొమ్మిది గంటల మాత్రలు మానడం మొదలైంది. క్రియాటినిన్ 1.2 నుంచి 1.9కి వెళ్ళింది. బయాప్సీలో రిజెక్షన్. మూడు రోజులు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తే 1.5 దగ్గర ఆగింది. 1.2 మళ్ళీ రాలేదు. నేను వాడి మీద అరవలేదు. పాతికేళ్ళ వయసులో రోజూ రెండుసార్లు "నువ్వు పేషెంటువి" అని గుర్తుచేసే మాత్ర ఎంత కష్టమో అప్పుడే అర్థమైంది. ఫోన్లో అలారం పెట్టి, బ్యాగులో ఒకటి, ఇంట్లో ఒకటి డబ్బా పెట్టాం.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా దగ్గర నాలుగు రోజుల మాత్రలే ఉన్నాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, షాపుల షట్టర్లు తెరవలేదు. మా ఆయన చెట్లు పడిన రోడ్ల మీద నడుచుకుంటూ వెళ్ళి మూడో రోజుకి ఒక స్ట్రిప్ తెచ్చారు. అప్పటి నుంచి ఇంట్లో నెల సరుకు తగ్గనివ్వం.

నొప్పికి డైక్లోఫినాక్ లాంటి మాత్రలు వద్దు. ఫంగస్ మందులు, కొన్ని యాంటీబయాటిక్స్ టాక్రోలిమస్‌ని పెంచేస్తాయి, టీబీకి వాడే రిఫాంపిసిన్ పడగొట్టేస్తుంది. కాబట్టి ఏ క్లినిక్‌కి వెళ్ళినా మీ మందుల చీటీ చూపించండి. పంపర పనస తినకండి, అది కూడా లెవెల్ పెంచుతుంది. వానాకాలం విరేచనాలు పట్టుకుంటే ఒకరోజు చూద్దామని ఆగొద్దు. ఒంట్లో నీరు తగ్గుతుంది, మందు లెవెల్ పెరుగుతుంది, రెండూ కిడ్నీకి దెబ్బే. ఎండుచేపలు, ఆవకాయ తగ్గించి బీపీ 130/80 లోపు ఉంచుకోవాలి. స్టెరాయిడ్, టాక్రోలిమస్ వల్ల కొత్తగా షుగర్ వచ్చేవాళ్ళు చాలామంది, దాన్ని కూడా చూస్తూ ఉండాలి.

డోనర్‌కి పరీక్షలు అక్కర్లేదనుకుంటారు. కావాలి. ఏటా బీపీ, క్రియాటినిన్, యూరిన్‌లో ప్రొటీన్ చేయించుకుంటాను. నొప్పి మాత్రలు నేనూ వాడను. మా ఇద్దరి పరీక్షలూ ఒకే రోజు పెట్టుకుంటాం. వాడు మానేద్దామనుకున్నా నా కోసం రావాల్సి వస్తుంది, నేను బద్ధకించినా వాడి కోసం వెళ్ళాల్సి వస్తుంది. కిందటి నెల క్రియాటినిన్ వాడిది 1.5, నాది 1.0.